తాత ఇంటి తలవాకిలి

చిరంజీవి నాయనకు, పెదనాయన ఆశీస్సులు.

చిత్తూరు ఇంటి తలవాకిలి, వసారా స్తంభాలు బాగుచేయిస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మేస్త్రీ చూసి "అంతా పీకేసి కొత్తవి పెడదాం" అన్నాడట. ఒప్పుకోవద్దు. కొయ్య మీది ఆ బూడిద రంగు ఎండ చేసిన పని, పైపొరకే పరిమితం. కాస్త గీకి చూడు, లోపల టేకు తేనెరంగులో అట్లే ఉంటుంది.

చెడింది ఎక్కడో తెలియాలంటే దబ్బళం తీసుకుని స్తంభాల అడుగున, గడప మూలల్లో గుచ్చు. మొన దిగకుంటే కొయ్య బాగుంది. నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగితే పుచ్చింది. అడ్డంగా కోసిన ముఖమే నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, అందుకే స్తంభం అడుగు ముందు పోతుంది. పుచ్చినంత మేరే తీయించి, అదే జాతి కొయ్యతో అతుకు వేయించు. ఇత్తడి మరలే వాడమను, ఇనుప మేకులు తుప్పు పడతాయి. ద్వారబంధం మీది పద్మం రేకులు విరిగాయి కదా, శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లను అడుగు.

వీటన్నిటికన్నా ముందు చూరు నుంచి నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూసి ఆపు. మీ నాయనా నేనూ అది చూడకుండానే, పండక్కి ఇల్లు మెరవాలని తడి ఆరని స్తంభానికి ఎనామిల్ పూయించాం. రెండేళ్లకు రంగు బొబ్బలెక్కింది. గోటితో గిల్లితే లోపలి కొయ్య తడి కాఫీపొడిలా రాలింది. ఆ తడికి బయటికి దారి మూసింది మేమే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సంక్రాంతి దాటి కొయ్య బాగా ఎండాకే పని మొదలుపెట్టు.

పాత రంగును పొడిగా రుద్దించకు, అందులో సీసం ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులోనే. తడిపి గీకించు, మాస్కులు ఇప్పించు, పిల్లల్ని అన్నాళ్లూ తిరుపతిలో మా దగ్గర వదులు.

మళ్లీ ఆరాక ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, కొయ్య నార వెంబడే రుద్దాలి. ఆపైన కొట్లో దొరికే కాచిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) పలుచగా పట్టించి, పావుగంటకు మిగిలింది తుడిచేయాలి. ఒక్కో పూతా ఆరాకే తర్వాతది, మొత్తం మూడు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వేడెక్కి వాటంతటవే మండొచ్చు, నాయనా. నీళ్లలో తడిపి ఆరుబయట విడివిడిగా పరుచు.

గడపకు పసుపు మానమని మీ అమ్మతో అనకు. కడిగిన నీళ్లు నిలవకుండా వాటం ఇప్పిస్తే చాలు.

దబ్బళం దేవుడి గూటి పక్క మేకుకు ఉంటుంది. ఫిబ్రవరిలో నేనూ వస్తాను, మొదటి స్తంభం ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాయన