ప్రశాంతమైన క్రూయిజ్ ఎంపిక గురించి

రాత్రంతా హోరెత్తే పార్టీలు లేని ఓడ కావాలని, తల్లిదండ్రులతో కలిసి వెళ్తున్నామని మీరు రాశారు. కంపెనీ పేరు కన్నా ముందు ప్రయాణ నిడివిని చూడండి. వారాంతాన్ని కలుపుకొని సాగే మూడు, నాలుగు రాత్రుల యాత్రలలోనే తాగి సందడి చేసే గుంపులు ఎక్కువగా ఉంటాయి, పది రాత్రులు దాటిన యాత్రలలో పెద్ద వయసువారు ఎక్కువగా కనిపిస్తారు. అమెరికా కళాశాలలకు సెలవులుండే మార్చి నెలలో కరీబియన్ వైపు వెళ్లకపోవడం మేలు. వైకింగ్ అనే క్రూయిజ్ కంపెనీ సముద్ర నౌకలలో క్యాసినో ఉండదు, 18 ఏళ్లలోపు వారిని అనుమతించరు, ప్రయాణికులు వెయ్యి మందికి లోపే ఉంటారు కనుక మీ అవసరానికి అదే సరిపోతుందని నా అభిప్రాయం, ఖర్చు మాత్రం ఎక్కువే. ఏ ఓడ ఎంచుకున్నా, డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) తెరిచి, పైనా కిందా కూడా క్యాబిన్లే ఉన్న గదిని తీసుకోండి. ఈత కొలను కింద గది దొరికితే, తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడుకే మెలకువ వస్తుంది.