సికింద్రాబాద్ ఉమ్మడి ప్రార్థనకు జనం ఎందుకు తగ్గారంటే

వేర్వేరు చర్చిల వాళ్లంతా కలిసి చేసుకోవాలని మీరు పెట్టిన ఉమ్మడి ప్రార్థనకు మొదటి వారం పద్నాలుగు మంది వచ్చి, నాలుగో వారానికి ముగ్గురే మిగిలారంటే, "కొత్త సంఘం (చర్చి) పెడుతున్నారట" అన్న మాట పాస్టర్ల చెవిన పడి ఉంటుంది.

1. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు పాస్టర్లను, కతోలిక ఫాదర్‌గారిని ఒక్కొక్కరినీ వెళ్లి కలవండి. అందరూ వదిలేసేది ఈ పనే. వాట్సాప్ మెసేజ్ చాలదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి: కానుక పళ్లెం తిప్పం, బాప్తిస్మాలివ్వం, మీ ఆదివారం ఆరాధన జోలికి రాం. మొదటి కూడికలో దావీదు కీర్తన చదవమని వాళ్లనే అడగండి.

2. ప్రసంగం వద్దు. పాట, వాక్యం, కాసేపు మౌనం, విన్నపాలు. గంటలో ముగించండి.

3. పరలోక ప్రార్థనలో (యేసు నేర్పిన ప్రార్థన) కతోలికుల మాటలు వేరు. ఎవరికి వచ్చినట్టు వాళ్లను చెప్పనివ్వండి, దిద్దకండి.

జనవరి 18–25 క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం. మళ్లీ అప్పుడు మొదలుపెట్టండి.