పాత పెంటియమా, పాత రైజెనా? డేటా సైన్స్ వైపు వెళ్లే అమ్మాయికి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. డేటా సైన్స్ వైపు వెళ్తానంటోంది. ఈలోగా వెబ్ డెవలప్‌మెంట్ కోర్సు మొదలుపెట్టింది. ఇంట్లో కంప్యూటర్ లేదు, కొత్తది ఇప్పట్లో కొనలేను. మా బావమరిది తన పాత పెంటియం జీ4560 సిస్టమ్ ఊరికే ఇస్తానంటున్నాడు. తెలిసినవాళ్ల దగ్గర రైజెన్ 3 2200జీ ఉన్న సిస్టమ్ తక్కువకే వస్తోంది. రెండిట్లోనూ 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నాయి. నెట్‌లో చూస్తే రెండూ ఒకటేనని కొందరు, రైజెనే మేలని కొందరు రాశారు. ఏది తీసుకోమంటారు? పాత ప్రాసెసర్ వల్ల రేపు ఉద్యోగాల దగ్గర వెనకబడుతుందా?
– ఒక తండ్రి

జవాబు: డబ్బుకు మరీ ఇబ్బంది కాకపోతే రైజెన్ తీసుకోండి. వేగం కోసమని మాత్రం అనుకోవద్దు. వేగం మాటకొస్తే, రెండూ ఒకటేనని రాసినవాళ్లు పూర్తిగా తప్పు చెప్పలేదు.

పెంటియం జీ4560 2017 జనవరిలో వచ్చింది. రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), 3.5 గిగాహెర్ట్జ్. అంతకుముందు డెస్క్‌టాప్‌లో కోర్ ఐ3 కొంటేగానీ దొరకని హైపర్‌థ్రెడింగ్‌ను (ఒక్కో కోర్ చేత ఒకేసారి రెండు పనులు చేయించే ఏర్పాటు) ఇంటెల్ ఆ తరం పెంటియంలకూ ఇవ్వడంతో అప్పట్లో దీనికి మంచి పేరొచ్చింది. రైజెన్ 3 2200జీ 2018 ఫిబ్రవరిది. నాలుగు అసలు కోర్లు, 3.5 నుంచి 3.7 గిగాహెర్ట్జ్, లోపలే వేగా 8 గ్రాఫిక్స్. చిన్న పైథాన్ ప్రోగ్రామ్ నడపడం, ఒక వెబ్ పేజీ తెరవడం లాంటి ఒక్క కోర్‌తో అయ్యే పనుల్లో రెండిటికీ తేడా పెద్దగా తెలియదు. బ్రౌజర్‌లో బోలెడు ట్యాబ్‌లు, పక్కన ఎడిటర్, వెనకాల లోకల్ సర్వర్, ఇంకోపక్క వీడియో క్లాస్ ఉన్నప్పుడు తెలుస్తుంది. నలుగురు పనివాళ్లకూ, రెండు చేతులతో రెండు పనులు చేసే ఇద్దరికీ ఉండే తేడా అది.

ఇంతవరకే అయితే ఊరికే వచ్చేదే తెచ్చుకోమనేవాణ్ని. అసలు చిక్కు ఏవీఎక్స్ దగ్గర ఉంది.

ఏవీఎక్స్ అంటే ఒకే ఆదేశంతో చాలా అంకెల మీద ఒకేసారి లెక్క చేయించే ఏర్పాటు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో ఇది 2011 నుంచీ ఉంది. పెంటియంలలో మాత్రం చాలాకాలం ఇవ్వలేదు, జీ4560లోనూ లేదు. 2200జీలో ఏవీఎక్స్, ఏవీఎక్స్2 రెండూ ఉన్నాయి. స్పెసిఫికేషన్ల పట్టికలో ఎక్కడో అడుగున ఉండే ఈ మాటను స్కోర్లు పోల్చేవాళ్లు పట్టించుకోరు. మీ అమ్మాయికి మాత్రం ఇదే ముఖ్యం. డీప్ లెర్నింగ్‌కు వాడే టెన్సర్‌ఫ్లో లైబ్రరీ అధికారిక పైథాన్ ప్యాకేజీలు 2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ ఉన్న ప్రాసెసర్ కోసమే తయారవుతున్నాయి. పెంటియం మీద ఇన్‌స్టాల్ మామూలుగానే పూర్తవుతుంది. ప్రోగ్రామ్‌లో ఇంపోర్ట్ అనగానే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతుంది. మాంగోడీబీ అనే డేటాబేస్ కూడా 5.0 వెర్షన్ నుంచి అంతే. వెబ్ డెవలప్‌మెంట్ కోర్సుల్లో మాంగోడీబీ తరచూ ఉంటుంది కాబట్టి, డేటా సైన్స్ దాకా పోకముందే ఈ గోడ తగలొచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇలాంటి ఎర్రర్ కనిపిస్తే తప్పు తమదేననిపిస్తుంది. కోడ్ మార్చి మార్చి రాస్తారు, పైథాన్ తీసేసి మళ్లీ వేస్తారు, చివరికి ఈ చదువు మనకు పట్టుబడదేమో అనుకుంటారు. సిస్టమ్ అరనిమిషం ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరూ చదువు మానెయ్యరు. కారణం తెలియని ఎర్రర్ల దగ్గర మానేసేవాళ్లు ఉంటారు. రైజెన్‌కు నేను ఓటేసేది అందుకే.

రైజెన్ కొనడం కుదరదంటే పెంటియం తెచ్చుకోండి, చదువు ఆగదు. ఈ ఏవీఎక్స్ సంగతి మాత్రం మొదటిరోజే అమ్మాయికి చెప్పండి. డేటా సైన్స్ లైబ్రరీలైన ప్యాండాస్, సైకిట్-లెర్న్, ఇంకా ఎస్‌క్యూఎల్, జావా, సీ అన్నీ దాని మీద నడుస్తాయి. టెన్సర్‌ఫ్లో పాఠాలు గూగుల్ కోల్యాబ్‌లో చేసుకోవచ్చు, అక్కడ లెక్కలన్నీ వాళ్ల సర్వర్ల మీదే జరుగుతాయి. మాంగోడీబీకి ఆ కంపెనీదే అయిన క్లౌడ్ సేవ అట్లాస్‌లో ఉచిత ఖాతా సరిపోతుంది. పాత 4.4 వెర్షన్ పెంటియం మీద నడుస్తుంది కానీ దానికి సపోర్ట్ 2024 ఫిబ్రవరితో ముగిసింది, నేర్చుకోవడం వరకైతే పరవాలేదు.

డీప్ లెర్నింగ్ మోడళ్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి ఈ రెండూ చాలవు. వేగా 8 గేమ్‌లకు పెంటియంలోని హెచ్‌డీ గ్రాఫిక్స్ 610 కన్నా చాలా మెరుగు, కానీ అది ఎన్విడియాది కాదు కాబట్టి, ఎన్విడియా కార్డుల చేత ఇలాంటి లెక్కలు చేయించే ‘కుడా’ (CUDA) సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. ఆ పనికి ఎలాగూ కోల్యాబే కావాలి. గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఇప్పుడు వినకండి. ఆ డబ్బుతో ర్యామ్ 16 జీబీ చేయించండి. రైజెన్‌లో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది, అందుకని ఒకే పెద్ద స్టిక్ కన్నా ఒకేలాంటివి రెండు పెడితే లాభం.

విండోస్ సంగతి చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ రెండు ప్రాసెసర్లూ లేవు. అడ్డదారిలో ఎక్కించుకునే పద్ధతులున్నాయి, పరీక్షలూ ప్రాజెక్టులూ నడిచే సిస్టమ్ మీద అవి వద్దు. ఉబుంటు లినక్స్ వేయించండి. మొదటి వారం అమ్మాయి విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి. రేపు పనిచేయబోయే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీదే నడుస్తాయి.

రైజెన్ వైపు ఇంకో లాభం, మదర్‌బోర్డ్. 2200జీ కూర్చునే ఏఎం4 సాకెట్‌లోకి 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ కూడా పడుతుంది. బోర్డు కంపెనీ దానికి సరిపడే బయోస్ (బోర్డులో ఉండి సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఇచ్చి ఉంటే చాలు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే, విండోస్ 11 జాబితాలో కూడా ఉంది. అంటే మూడో సంవత్సరంలో డబ్బు చేతికొస్తే ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. బయోస్ అప్‌డేట్ మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే చేయించాలి. పెంటియం వైపు ఆ బోర్డుల మీద ఏడో తరం దాకానే, అంటే కోర్ ఐ7 7700 వరకు. ఎనిమిదో తరం ప్రాసెసర్లు చూడ్డానికి అదే సాకెట్, కానీ బోర్డు వేరే కావాలి.

ఉద్యోగాల గురించి అడిగారు. ఇంటర్వ్యూలో ఏ ప్రాసెసర్ వాడావని ఎవరూ అడగరు. ఏం చేశావు, ఈ డేటా ఎక్కడిది, ఈ మోడల్ ఎందుకు తప్పు చెప్పింది అని అడుగుతారు. చిన్న డేటాసెట్ తీసుకుని, శుభ్రం చేసి, బొమ్మల్లో చూపించి, గిట్‌హబ్‌లో పెట్టిన ప్రాజెక్టుకు ఈ రెండు సిస్టమ్‌లలో ఏదైనా చాలు. ఎనిమిది జీబీ ర్యామ్‌లో పట్టని డేటాతో తంటాలు పడితే అదీ మంచిదే, పెద్ద ఫైలును ముక్కలుగా చదవడం అప్పుడే వస్తుంది. వెనకబడేది సిస్టమ్ ఏదో తేలక ఇంకో ఆరునెలలు ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంటేనే.

కొనే ముందు సిస్టమ్ ఆన్ చేయించి ప్రాసెసర్ పేరు తెర మీద చూడండి. చివర ‘జీ’ ఉండాలి. రైజెన్ 3 1200 అనేది కూడా నాలుగు కోర్లదే, కానీ దానిలో గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. బయోస్‌లో ఎస్‌వీఎం అనే ఆప్షన్ ఆన్ చేయించండి, డాకర్, వర్చువల్ మెషీన్ల పాఠాలకు అది కావాలి. శుభ్రం చేద్దామని కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగొద్దు. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పాత పేస్ట్ ఎండి అతుక్కుని ఉంటే ప్రాసెసర్ కూడా కూలర్‌తోపాటే ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు సిస్టమ్ నడిపి, వేడెక్కాక ఆపి, ప్లగ్ తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి.