నా విడాకుల అనుభవంతో ఇతరులకు సాయపడవచ్చా?

ప్రశ్న: నాకు విడాకులై రెండేళ్లయింది. కోర్టు చుట్టూ చాలాకాలం తిరిగాను. అక్కడ పరిచయమైన ఆడవాళ్లు ఇప్పటికీ సలహా కోసం ఫోన్ చేస్తుంటారు. దీన్నే పనిగా పెట్టుకోవాలని ఉంది. కొద్దిగా ఫీజు తీసుకుని పిటిషన్లు రాసివ్వవచ్చా? నా కథ రాసి ప్రచురించవచ్చా? కేసులు పంపితే వాటా ఇస్తానని ఒక లాయరు అంటున్నారు, తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ వాటా సంగతి. తీసుకోకండి. 2023 సవరణతో అడ్వకేట్ల చట్టంలో 45ఏ సెక్షన్ వచ్చింది. డబ్బు తీసుకుని లాయర్లకు కేసులు చేర్చేవాళ్లను కోర్టు దళారుల జాబితాలో పెట్టవచ్చు. ఆ తర్వాత కూడా అదే పని చేస్తే 3 నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లాయరు కానివారితో ఫీజు పంచుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకూ విరుద్ధం. ఆ మాట అన్న లాయరుకు ఇది తెలియదని నేననుకోను.

ఫీజుకు పిటిషన్లు రాయడమూ వద్దు. వాదించడమే కాదు, చట్టపరమైన సలహా ఇవ్వడం, కాగితాలు తయారుచేయడం కూడా లాయర్లు మాత్రమే చేయాల్సిన న్యాయవాద వృత్తి కిందికే వస్తాయని సుప్రీంకోర్టు 2018లో బాలాజీ కేసులో చెప్పింది.

మరి మీరు చేయగలిగిందేమిటి? చాలా ఉంది. భరణం కేసులో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో రజనీశ్–నేహా తీర్పు వచ్చింది. ఇక్కడే చాలామంది తడబడతారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫీజు రశీదులు, ఇంటి ఖర్చుల లెక్క ముందే పోగుచేసుకోమని చెప్పండి. మొదటి వాయిదాకు తోడు వెళ్లండి. లాయరును అడగాల్సినవి కాగితం మీద రాయించండి. అయితే మీకొచ్చిన భరణం ఎంతో చెప్పి, 'నీకూ అంతే వస్తుంది' అనకండి. భర్త ఆదాయం, ఆమె ఉద్యోగం, పిల్లలు ఎవరి దగ్గరున్నారన్నదాన్ని బట్టి ఒక్కో కేసు ఒక్కోలా తేలుతుంది.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకొకటుంది. కక్షిదారు తన లాయరుతో చెప్పుకున్న మాటలకు భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మీతో చెప్పుకున్న వాటికి ఆ రక్షణ లేదు. అవతలి పక్షం మిమ్మల్ని సాక్షిగా పిలిపిస్తే, నమ్మకంతో చెప్పింది కాబట్టి చెప్పనంటే కుదరదు. కాబట్టి కాల్ రికార్డింగులు, కేసు వివరాలున్న వాట్సాప్ మెసేజీలు మీకు పంపించవద్దనండి. అవి ఆమె లాయరుకే చేరాలి.

మీ కథ విషయానికొస్తే, హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద జరిగే విచారణ రహస్యం. దానికి సంబంధించిన విషయాలు ప్రచురిస్తే 1000 రూపాయల దాకా జరిమానా. జరిమానా చిన్నదేగానీ, మాజీ భర్తను గుర్తుపట్టేలా రాస్తే పరువునష్టం కేసు కూడా ఎదురుకావచ్చు. మీరు ఆ రోజుల్ని ఎలా నెట్టుకొచ్చారో రాయండి. పిటిషన్‌లో, దానికి అవతలివారు వేసిన జవాబు (కౌంటర్)లో ఏముందో, సాక్ష్యంలో ఎవరేమన్నారో రాయకండి.

ఈ పనికి చట్టబద్ధమైన దారి కూడా ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (న్యాయ సాయం కావాల్సినవారికి దారిచూపే స్వచ్ఛంద కార్యకర్తగా) చేరండి. ఎంపికైతే శిక్షణ, గుర్తింపు కార్డు ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీకు ఫోన్ చేసేవారిలో లాయరును పెట్టుకోలేనివాళ్లుంటే వాళ్లకు హెల్ప్‌లైన్ నంబరు 15100 ఇవ్వండి.