మీ ప్రశ్న – మా జవాబు: యుద్ధం ఫోటో ఫోన్‌లోకి వస్తే

ఈసారి ప్రశ్నలన్నీ బెంగళూరు పాఠకులవే. జవాబులు రాసినవాళ్లు పత్రికల ఫోటో డెస్కుల్లోనూ, ఫోటోల నిజానిజాలు తేల్చే పనిలోనూ ఉన్నవారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో 180 మంది ఉన్నాం. ఎక్కడ యుద్ధం జరిగినా మా అత్తగారికి ఎవరో ఒకరు ఫోటోలు పంపుతారు. ఆవిడ వెంటనే గ్రూపులో పెట్టేస్తారు. మొన్న ఒళ్లంతా రక్తంతో ఉన్న పసిపాప ఫోటో పెట్టారు. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఏం చేయాలి?
– ఒక కోడలు, మారతహళ్లి

జవాబు: ముందు ఫోటో సంగతి చూద్దాం. అత్తగారి సంగతి తర్వాత.

మీరున్న ఊరు ఇలాంటి ఫోటోల దెబ్బ తిన్న ఊరే. 2012 జులైలో అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో అల్లర్లు జరిగాయి. ఆగస్టు మధ్యకల్లా బెంగళూరులో ఉన్న ఈశాన్య రాష్ట్రాల వాళ్లలో, మన మీద దాడులు జరగబోతున్నాయన్న పుకారు పాకింది. వేలమంది పెట్టేబేడా సర్దుకుని సిటీ రైల్వే స్టేషన్‌కు పరుగెత్తారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం 15 రోజులపాటు గంపగుత్త ఎస్సెమ్మెస్‌లు ఆపేసి, ఐదుకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఆ రోజుల్లో తిరిగిన ఒక ఫోటోలో నేల నిండా శవాలు, వాటి మధ్య మెరూన్ వస్త్రాల బౌద్ధ భిక్షువులు కనిపిస్తారు. కింద 'బర్మాలో ఊచకోత' అని రాశారు. అసలు అది 2010 ఏప్రిల్‌లో చైనాలోని యూషు భూకంపంలో పోయినవారి దగ్గర నిలబడ్డ భిక్షువుల ఫోటో. ఫోటో నిజమైనదే. దాని కింది మాటే అబద్ధం. మీ గ్రూపులోకి వచ్చే వాటిలోనూ ముందుగా అనుమానించాల్సింది ఈ రకాన్నే.

పరీక్ష పది నిమిషాల పని. ఫోటో మీద ఎవరైనా అంటించిన అక్షరాలు, ఎర్ర గుండ్రాలు, అంచు పట్టీలు ఉంటే కత్తిరించేసి గూగుల్ లెన్స్‌లో వేయండి. లెన్స్ ఆ ఫోటోతో పాటు దాన్ని పోలిన వాటినీ చూపిస్తుంది. అందుకే అదే ఫోటోను టిన్‌ఐ (ఫోటో ఇంతకుముందు ఎక్కడ కనిపించిందో వెతికే సైటు)లో కూడా వేసి, ఫలితాలను 'అన్నిటికన్నా పాతది ముందు' వరసలో పెట్టండి. ఏమీ దొరక్కపోతే కుడిఎడమలు తిప్పేసి (అద్దంలో చూసినట్టు) మళ్లీ వెతకండి. పట్టుబడకుండా అలా తిప్పి వదిలేవాళ్లు ఉన్నారు. బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయంటే అదే గుర్తు.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. 'నిన్నటి ఫోటో' అని వచ్చింది 2019లోనే ఇంటర్నెట్‌లో కనిపిస్తే, ఆ మాట అబద్ధమని తేలిపోయినట్టే. కానీ వెతికితే ఏమీ దొరకలేదు కాబట్టి అది నిన్నటిదే అనుకోకూడదు. ఆ ఫోటో సెర్చి కంట పడలేదని మాత్రమే దాని అర్థం. అప్పుడు ఫోటో లోపలికి చూడాలి. దుకాణం బోర్డు ఏ భాషలో ఉంది, వాహనాలు రోడ్డుకు ఏ పక్కన వెళ్తున్నాయి, నంబరు ప్లేటు రంగేమిటి, మనుషులు స్వెట్టర్లు వేసుకున్నారా లేదా, వీటిని అక్కడి రుతువుతో సరిపోల్చండి.

వీడియో అయితే మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి వెతకండి. పొగ, మంట నిండిన ఫ్రేము పనికిరాదు. వెనక భవనాలు, కొండ, ఓడరేవు లాంటివి కనిపించే ఫ్రేము కావాలి. 2025 మేలో మన దేశం మీద పాకిస్తాన్ క్షిపణి దాడి అంటూ తిరిగిన వీడియో 2020 ఆగస్టు 4న బేరూట్ ఓడరేవులో జరిగిన పేలుడుదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పాల్సి వచ్చింది. ఏఐ బొమ్మలు పట్టిస్తామనే యాప్‌లను నమ్ముకోకండి. వాట్సాప్‌లో నలిగి నాణ్యత పోయిన ఫోటో మీద అవి రెండు వైపులా తప్పులు చెప్తాయి.

మరి ఫోటో నిజమే అయితే? అప్పుడైనా ఆ పాప మొహం 180 ఫోన్లలోకి వెళ్లక్కర్లేదు. ఆ పాప తరఫున సరే అనడానికి ఎవరూ లేరు. మన దేశంలో కేసు, దర్యాప్తు వార్తల్లో నేరానికి గురైన పిల్లల ఫోటో, పేరు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పరాయి దేశపు పాపకు కూడా మనం అంత మర్యాద ఇవ్వాలి.

అత్తగారికి గ్రూపులో జవాబివ్వకండి. విడిగా చెప్పండి: 'అత్తయ్యా, ఆ ఫోటో వెతికి చూశాను, ఎప్పటిదో పాతదట. మీరు బాధపడే పెట్టారని నాకు తెలుసు. తీసేద్దామా?' పంపినవాళ్లు అందరికీ తీసేయడానికి వాట్సాప్ దాదాపు రెండున్నర రోజుల గడువు ఇస్తుంది. గ్రూపు అడ్మిన్ కూడా తీసేయగలరు. తీసేశాక 'పొద్దున పెట్టిన ఫోటో ఫలానా ఏడాదిదట, ఎవరూ ముందుకు పంపకండి' అని ఆవిడ చేతే ఒక ముక్క పెట్టించండి. మాయమైన ఫోటో కంటే ఆ ముక్కే ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే ఈలోపు ఫోటో గ్యాలరీలోకి దింపుకున్నవాళ్లు ఉంటారు.

ప్రశ్న: మా పీజీలో నా రూమ్మేట్‌ది మణిపూర్. వాళ్ల ఊళ్లో కాలిపోయిన ఇళ్లు, దెబ్బలు తిన్న మనుషుల ఫోటోలు, వీడియోలు తన దగ్గర ఉన్నాయి. 'నీకు ఫాలోయర్లు ఎక్కువ, నువ్వు పెట్టు' అంటోంది. పెట్టకపోతే పిరికిదాన్నేమో అనిపిస్తోంది.
– కోరమంగళ పాఠకురాలు

జవాబు: పిరికితనం కాదమ్మా. రెండు పనులు కలిసిపోవడం వల్ల అలా అనిపిస్తోంది. ఆధారాన్ని దాచడం ఒక పని, నలుగురికీ పంచడం ఇంకో పని. మొదటిది ఇవాళే చేయాలి. రెండోది నిదానంగా ఆలోచించి చేయొచ్చు, అసలు చేయకపోనూవచ్చు.

దాచడం ఎలాగంటే, ఫోటో తీసిన ఫోన్లోంచి అసలు ఫైలునే తీసుకోండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గుతుంది, తీసిన తేదీ, స్థలం లాంటి లోపలి వివరాలు ఊడిపోతాయి. 'డాక్యుమెంట్'గా పంపితే అవి అలాగే ఉంటాయి. ఆ ఫైలును తిప్పకండి, కాంతి పెంచకండి, పేరు కూడా మార్చకండి. రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి రెండు చోట్ల పెట్టండి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి రాసుకోండి. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ అనే ప్రోగ్రాంతో ఇది వస్తుంది, 64 అక్షరాల వరస. ఫైల్లో ఒక్క చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది కాబట్టి, రేపు ఎవరైనా 'ఇది మార్చారు' అంటే చూపించడానికి అదే సాక్ష్యం. పక్కన నోటు పుస్తకంలో ఎవరు తీశారు, ఏ ఫోన్‌తో, ఎప్పుడు, మీ రూమ్మేట్ చేతికి ఎలా వచ్చింది అని తేదీ వేసి రాయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ కావాలి. ఆ నమూనాలో హ్యాష్ అడుగుతారు.

ఇక పంచడం. 2023 మే 4న మణిపూర్‌లో ఇద్దరు మహిళలపై జరిగిన అకృత్యం వీడియో జులై 19న దేశమంతా పాకింది. ఎఫ్ఐఆర్ మేలోనే నమోదైంది. అరెస్టులు మొదలైంది వీడియో బయటపడ్డాకే. మర్నాడే సుప్రీంకోర్టు తనంతట తాను ఆ విషయం ఎత్తుకుంది. కాబట్టి ఫోటోలు, వీడియోలు పంచడం వల్ల ప్రయోజనం లేదని మేం చెప్పం. కానీ ఆ వీడియో చూడాల్సింది పోలీసులు, జడ్జీలు. ఆ మహిళల మొహాలు కోట్ల ఫోన్లలోకి ఎక్కాల్సిన పని లేదు. అవి మళ్లీ వెనక్కి రావు. లైంగిక దాడికి గురైనవారిని గుర్తుపట్టేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు. బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టం చేసింది. అలాంటిది మీ దగ్గర ఉన్న వాటిలో ఒక్కటున్నా పంచకండి. లాయరు ద్వారానో, నమ్మకమున్న విలేకరి ద్వారానో, మానవ హక్కుల కమిషన్‌కో చేర్చండి.

మిగతా వాటిలో ముందుగా అడగాల్సిన మాట ఇది: 'ఇది తీసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?' ఇంకా అక్కడే ఉంటే, ఏ కిటికీ ఎత్తు నుంచి తీశారో చూసి ఏ ఇల్లో కనిపెట్టేస్తారు. వాళ్లు బయటపడేదాకా ఆగండి. తర్వాత కాపీ మీద పని చేయండి, అసలు ఫైలు మీద కాదు. మొహాల మీద మసక వేయకండి, గళ్లు వేయకండి, నిండు నలుపు దిమ్మ పెట్టండి. పలచటి మసకలోంచి మొహం ఆనవాలు దొరుకుతుంది. ఫోన్లోని హైలైటర్ పెన్నుతో దిద్దితే మరీ ప్రమాదం. చూడటానికి నల్లగా ఉన్నా అది పారదర్శకం, కాంతి పెంచితే కింద ఉన్నది తేలుతుంది. దిద్దాక ఆ కాపీని స్క్రీన్‌షాట్ తీసి స్క్రీన్‌షాట్‌నే వాడండి, లోపలి వివరాలు రావు. మొహం దాచి చొక్కా మీద స్కూలు బ్యాడ్జి, చేతి మీద పచ్చబొట్టు వదిలేయడం మేం తరచూ చూసే పొరపాటు. వీడియోలో మనిషి కదిలినప్పుడు దిమ్మ రెండు మూడు ఫ్రేముల్లో జారిపోతుంది, నెమ్మదిగా నడిపి చూసుకోండి. గొంతులు, పిలుచుకున్న పేర్లు కూడా తీసేయాలి.

కాలిన ఇంటి ఫోటో, దాని కింద తేదీ, జిల్లా. చాలాసార్లు మీరు పెట్టడానికి ఇది చాలు.

ప్రశ్న: మా తెలుగు సంఘం యుద్ధ బాధితుల కోసం ఒక ప్రదర్శన, పవర్‌పాయింట్ తయారుచేస్తోంది. రక్తం, శవాలు చూపించకపోతే జనం కదలరని కార్యదర్శి గారి వాదన. మీరేమంటారు?
– సంఘ సభ్యుడు, మల్లేశ్వరం

జవాబు: కార్యదర్శి గారికి ఒక ఉదాహరణ చెప్పండి, చెన్నైలో ఇప్పటికీ చాలామందికి గుర్తుంటుంది. 2013 ఫిబ్రవరిలో శ్రీలంకలోని ఎల్టీటీఈ (తమిళ టైగర్లు) నాయకుడు ప్రభాకరన్ చిన్న కొడుకు, పన్నెండేళ్ల బాలచంద్రన్ ఫోటోలు బ్రిటన్‌లోని చానల్ 4 డాక్యుమెంటరీ బృందం ద్వారా బయటికొచ్చాయి. ఒకదానిలో ఆ అబ్బాయి ఛాతీ మీద తూటా గాయాలతో పడి ఉన్నాడు. ఇంకోదానిలో బంకరులో ఇసుక బస్తాల పక్కన కూర్చుని, చేతిలో ఉన్న తినుబండారం తింటున్నాడు. రక్తం లేదు, ఏడుపు లేదు. మనుషుల గుండె పట్టేసింది ఆ రెండోదే, ఎందుకంటే అందులో అతను బతికి ఉన్నాడు, ఎవరో అతనికి తిండి పెట్టారు. రెండూ ఒకే కెమెరాతో కొన్ని గంటల తేడాతో తీసినవని ఫైళ్లను పరీక్షించి ఆ బృందం చెప్పింది. శ్రీలంక సైన్యం తాము చంపలేదంది. మార్చిలో చెన్నై లయోలా కాలేజీ విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు, ఆ ఉద్యమం తమిళనాడంతా పాకింది. అసలు ఫైళ్లు ఎవరో జాగ్రత్త పెట్టబట్టే రెండూ ఒకే కెమెరాతో తీసినవని చెప్పగలిగారని కూడా గమనించండి.

కాబట్టి ఖాళీ బడి, ఒంటి చెప్పు, నీళ్ల కోసం వరసలో బిందెలు లాంటివి ఎంచుకోండి. గాయాల ఫోటో తప్పదనుకుంటే విడి గదిలో, బయట హెచ్చరిక రాసి పెట్టండి. చూడాలా వద్దా అన్నది వచ్చినవాళ్ల ఇష్టానికి వదిలేయాలి. ప్రతి ఫోటో కింద ఊరు, తేదీ, తీసినవారు, ఎవరి అనుమతితో వాడారో ఉండాలి. వార్తా సంస్థల ఫోటోలు ఉచితం కావు, 'ఇంటర్నెట్ నుంచి' అనేది అనుమతి కాదు. పవర్‌పాయింట్‌లో ఫోటో కత్తిరిస్తే కత్తిరించిన ముక్క ఫైల్లోనే ఉండిపోతుంది. 'కంప్రెస్ పిక్చర్స్'లోకి వెళ్లి కత్తిరించిన భాగాలు తొలగించే గడి టిక్ పెట్టాకే ఎవరికైనా పంపండి. చందాల క్యూఆర్ కోడ్‌ను బాధితుల మొహాల పక్కన పెట్టకండి. అది చూడటానికే బాగుండదు.

ప్రశ్న: పట్టుబడిన శత్రు సైనికుడి వీడియో షేర్ చేస్తే తప్పేముంది?
– బి.టి.ఎం. లేఅవుట్

జవాబు: 2019 ఫిబ్రవరి 27న మన వైమానిక దళం వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్‌కు పట్టుబడ్డాక ఆయన రక్తసిక్తంగా ఉన్న వీడియో తిరిగినప్పుడు మన విదేశాంగ శాఖ గట్టిగా అభ్యంతరం చెప్పింది, జెనీవా ఒప్పందానికి విరుద్ధమంది. యుద్ధ ఖైదీలను అవమానం నుంచి, జనం వింతగా చూడటం నుంచి కాపాడాలని 1949 మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెప్తుంది. మనవాడి విషయంలో తప్పయింది ఎదుటివాడి విషయంలోనూ తప్పే.

ప్రశ్న: యలహంక వైపు వెళ్తుంటే సైనిక వాహనాలు కనిపించాయి. స్టేటస్‌లో పెట్టొచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: వద్దు. రక్షణ కార్యకలాపాలను, బలగాల కదలికలను ప్రత్యక్షంగా చూపొద్దని 2025 ఏప్రిల్ 26న సమాచార, ప్రసార శాఖ మీడియాకు, సోషల్ మీడియా వాడేవారికి సూచన ఇచ్చింది. మీ స్టేటస్‌లో సమయం ఉంటుంది, వెనక ఫ్లైఓవరో బోర్డో ఉంటుంది. ఎన్ని బండ్లు ఎటు వెళ్తున్నాయో చెప్పడానికి ఆ రెండూ చాలు.

ప్రశ్న: ఆరో తరగతి చదివే మా బాబు నా ఫోన్‌లో శవాల ఫోటో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు.
– ఒక తండ్రి, కె.ఆర్.పురం

జవాబు: వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'కు వెళ్లి, మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటి కిందా ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్‌లు తీసేయండి. తర్వాత 'చాట్స్'లో 'మీడియా విజిబిలిటీ' ఆపండి (ఐఫోన్‌లో 'సేవ్ టు ఫోటోస్'), గ్యాలరీలోకి చేరవు. ఇప్పటికే చేరినవి వెతికి తుడిచేయండి, 'ట్రాష్'లోంచి కూడా.

బాబుతో 'ఏం లేదులే, అది సినిమా' అనకండి. వాడికి నిజం తెలుసు. ఏం చూశావో చెప్పు అని అడగండి, వాడు చెప్తుంటే మధ్యలో ఆపకండి. ఆ ఫోటో ఏ ఊరిదో తెలిస్తే మ్యాపులో అది ఇక్కడికి ఎంత దూరమో చూపించండి. కొన్నాళ్లు వాడి పక్కనే పడుకోండి. రెండు మూడు వారాలైనా పీడకలలు తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఊళ్లోనే నిమ్‌హాన్స్ ఉంది.