ఈత రాదని ముందే చెప్పేయ్

ప్రశ్న: అక్కా, పైచదువుకని వేరే దేశం వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే శనివారం మా క్లాసువాళ్లం తొమ్మిదిమందిమి బీచ్‌కి వెళ్లి, రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం తిరిగొద్దామని అనుకుంటున్నాం. నాకు ఈత రాదు. మిగతావాళ్లలో చాలామంది చిన్నప్పట్నుంచీ ఈత కొట్టినవాళ్లే. రానంటే ఇంకెప్పుడూ పిలవరేమో, వెళ్తే నీళ్లలోకి లాగేస్తారేమో అని రెండు రకాలుగానూ టెన్షన్. ఈత రాని సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఏం చేయమంటారు?
– ఓ విద్యార్థి

జవాబు: వెళ్లు తమ్ముడూ. కాకపోతే శనివారం దాకా ఆగకుండా ఇవాళే మీ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెట్టు, ‘నాకు ఈత రాదు, మోకాళ్ల లోతు దాటి రాను’ అని. ఆ లైను రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే చదువుకునే రోజుల్లో నేను చెప్పలేకపోయాను. అందరితో పాటు నడుము లోతుకి వెళ్లి నవ్వుతూ నిలబడ్డాను, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింద ఇసుకంతా లాక్కుపోయింది, లేచేలోపు ఇంకో అల వచ్చి మీద పడింది. నేనేమో చేతులూపి పిలుస్తున్నాననే అనుకున్నా, ఒడ్డున కూర్చున్నవాళ్లకి మాత్రం నేను ఆడుకుంటున్నట్టే కనిపించానట. పక్కన ఈదుతున్న ఎవరో పెద్దాయన భుజం పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది. బయటికి వచ్చి దగ్గుతూ కూర్చుంటే మావాళ్లు అడిగిన మొదటి మాట, ‘ఈత రాదని చెప్పొచ్చుగా!’

ఇందులో వాళ్ల తప్పు లేదు. మునిగిపోయే మనిషి కేకలు పెడతాడని మనందరి నమ్మకం. న్యూయార్క్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా ఇలాంటివాళ్లని గమనించి చెప్పింది వేరు: ఊపిరి తీసుకోవడానికే టైము చాలదు కాబట్టి గొంతు పెగలదు, చేతులు రెండు పక్కలకీ చాచి నీటిని కిందికి నొక్కడంలోనే ఉంటాయి కాబట్టి పైకెత్తి ఊపడమూ కుదరదు, మనిషి నిలువుగా ఉండి 20 నుంచి 60 సెకన్లలో కిందికి వెళ్లిపోతాడు. చూసేవాళ్లకి అంతా మామూలుగానే ఉంటుంది. నీకు ఈత రాదని ముందే తెలిసిన స్నేహితుడైతే ఆ నిమిషంలో నీవైపు చూస్తూ ఉంటాడు, తెలియనివాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు.

ఇక సముద్రం సంగతి. ఈత వచ్చినవాళ్లని కూడా ముంచేది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు వెనక్కి పోవడానికి ఒక ఇరుకు దారి వెతుక్కుని లోపలికి పరుగెత్తుతాయి, కొన్నిసార్లు సెకనుకి 8 అడుగుల వేగం దాకా. చిత్రమేమిటంటే ఆ చోటే చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో నీళ్లు కాస్త ముదురు రంగులో, అలల్లేకుండా కనిపిస్తాయి, కొత్తగా వచ్చినవాళ్లు ‘ఇక్కడ బాగుందిరా’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. అది మనిషిని అడుక్కి లాగదు, ఒడ్డు నుంచి దూరంగా తీసుకెళ్తుంది. చాలామంది మునిగేది దానికి ఎదురీది అలసిపోవడం వల్ల. చిక్కుకుంటే వెల్లకిలా తేలి ఊపిరి కుదుటపరచుకోవాలి, చెయ్యెత్తి ఒడ్డునున్నవాళ్లని పిలవాలి, ఈత వచ్చినవాళ్లయితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగే నీళ్ల నుంచి బయటపడ్డాక ఒడ్డువైపు రావాలి. నీ ఎనిమిదిమంది స్నేహితులకీ ఈ పేరా చదివి వినిపించు, ఈత వచ్చినవాళ్లకే ఎక్కువ అవసరం. ఇంకో మాట కూడా చెప్పు: ఎవరైనా కొట్టుకుపోతుంటే ఉత్త చేతుల్తో వెనకే దూకొద్దు, తేలే వస్తువేదైనా విసిరి లైఫ్‌గార్డ్‌ని పిలవాలి. కాపాడబోయి మునిగినవాళ్లు తక్కువేం కాదు.

బస బీచ్‌కి దగ్గరా దూరమా అని గంటలు గంటలు వెతుకుతారు గానీ అక్కడ లైఫ్‌గార్డ్ ఉన్నాడా లేడా అని ఎవరూ చూడరు, ముందు అది చూడండి. సగం ఎరుపు సగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్య లైఫ్‌గార్డ్ కాపలా ఉందని చాలా దేశాల్లో అర్థం. అమెరికా బీచ్‌లలో రెండు ఎర్ర జెండాలు ఒకదాని కింద ఒకటి ఎగురుతుంటే అసలు నీళ్లలోకే దిగకూడదు, ఊదా రంగు జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటివి తిరుగుతున్నట్టు. మిగతా జెండాలు చోటుని బట్టి మారతాయి, వెళ్లగానే అక్కడి బోర్డు చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఆపదలో చేసే నంబరు కూడా ఫోన్‌లో పెట్టుకోండి: యూరప్‌లో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000.

ఎండ మండిపోతున్నా నీళ్లు మంచులా ఉండే తీరాలు చాలా ఉన్నాయి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే మనకి తెలియకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితో పాటు నీళ్లూ లోపలికి పోతాయి. కాళ్లు తడుపుకుంటూ మెల్లగా దిగాలి. మందు తాగాక మాత్రం ఎవరూ నీళ్ల జోలికి పోవద్దు, దీన్ని నేను చర్చకి పెట్టట్లేదు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, తడిసినప్పుడల్లా మళ్లీ రాసుకోవాలి. మబ్బుగా ఉందని వదిలేసినవాళ్లే సోమవారం వీపు ఆన్చలేక క్లాసులో నిటారుగా కూర్చుంటారు.

అన్నట్టు, చాలా యూనివర్సిటీల్లో కొలను ఉంటుంది, మొదటిసారి నేర్చుకునే పెద్దవాళ్లకి క్లాసులు పెట్టేవీ ఉన్నాయి. నేను ఇరవై నాలుగేళ్లప్పుడు నేర్చుకున్నాను, నా పక్క లేన్‌లో ఆరేళ్ల పిల్ల నన్ను దాటిపోయేది, అయినా నేర్చుకున్నాను.

ప్రశ్న: బీచ్ ట్రిప్‌కి కారు అద్దెకి తీసుకుంటున్నాం. బుకింగ్ నా పేరున, నా కార్డు మీద. నడిపేది మాత్రం నలుగురం వంతులేసుకుని. ఇబ్బందేమైనా ఉందా?
– ఓ విద్యార్థిని

జవాబు: ఉంది చెల్లీ. ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడుపుతుండగా ఏదైనా గుద్దితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు, ఖర్చంతా సంతకం పెట్టిన నీ మెడకే చుట్టుకుంటుంది. నడిపే ప్రతివాళ్ల పేరూ లైసెన్సు చూపించి రాయించు. 25 ఏళ్లలోపు వాళ్లకి చాలా కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి, అది ముందే అడిగి నలుగురిలో ఎవరెవరు నడపాలో తేల్చుకోండి, ఇద్దరు చాలేమో. డిపాజిట్ కింద కార్డు మీద కొంత ఆపి ఉంచుతారు, ఆ నెల అద్దె కూడా అదే కార్డు నుంచి కట్టాల్సి ఉంటే చూసుకో. తాళాలు తీసుకోగానే కారు చుట్టూ తిరిగి వీడియో తియ్యి, పాత గీతలకి నువ్వు డబ్బు కట్టక్కర్లేదు.

పంపకాల లెక్క అదే రోజు రాత్రి స్ప్లిట్‌వైజ్ లాంటి, ఖర్చులు పంచుకునే యాప్ ఏదో ఒకదాంట్లో ఎక్కించు. వారం దాటాక అడిగితే బాకీ ఉన్నవాళ్లకి మరుపూ, అడిగేవాళ్లకి మొహమాటమూ. ఇంకొకటి, రోజంతా ఎండలో ఉన్నాక స్టీరింగ్ ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడిపోతాయి, ఆదివారం రాత్రి దాకా ఉండకుండా మధ్యాహ్నమే బయల్దేరండి.

ప్రశ్న: బీచ్‌కి వెళ్తున్నానంటే అమ్మ భయపడి నిద్రపోదు. లైబ్రరీలో ఉన్నానని చెప్పేస్తే తప్పా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తప్పో ఒప్పో పక్కన పెట్టు, నీతో వచ్చేవాళ్లలో ఒకరు ఫొటోలు పెట్టి నిన్ను ట్యాగ్ చేయడం మాత్రం ఖాయం. నిజమే చెప్పు, ఎవరెవరు వెళ్తున్నారో చెప్పు, ఒక స్నేహితుడి నంబరు ఇచ్చి వెళ్లు. తిరిగొచ్చాక మెసేజ్ చేస్తానని చెప్పే టైముకి మాత్రం రెండు గంటలు కలిపి చెప్పు, ట్రాఫిక్ నీ చేతిలో ఉండదు కదా.