కెమెరా ఎత్తగానే ఆగిపోయే పనులనే బొమ్మ వేయండి

కెనడాలో ఉంటూ గరివిడి దగ్గరి మీ సొంత ఊరినీ, ఇంటివారినీ రంగుల్లో వేయాలనుకుంటున్నానని, అందుకు వాట్సాప్‌లో వచ్చే ఫోటోలను ముందు పెట్టుకోవాలా, జ్ఞాపకాన్ని నమ్ముకోవాలా అని మీరు అడిగారు. నాది శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్క ఉద్దానం. చాలా ఏళ్లు టొరంటోలో ఉండి మా ఊరి బొమ్మలే వేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, ఫోటోలను పక్కన పెట్టండి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఎవరైనా ఫోను ఎత్తగానే చేతిలో పని దించేసి, కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడతారు. ఆ ఫోటోలో ఉండేది వారు నలుగురికీ కనబడాలనుకున్న రూపమే గాని, వారు గడిపే రోజు కాదు.

మా అమ్మ ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన మనిషి. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్లను నల్లగా చేస్తుంది. అందుకే చేతులకు బూడిద రాసుకుంటూ పని చేసేవారు. అయినా బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఇంట్లో ఉన్న ఫోటోలు ఎన్ని తిరగేసినా ఆ వేళ్లు ఒక్కదానిలోనూ కనబడవు. పెళ్లి ఫోటోల్లో చేతులు కొంగు కింద ఉంటాయి, పండగ ఫోటోల్లో ఎవరో ఒక పిల్లవాడి వెనుక ఉంటాయి. టొరంటోలో కూర్చుని, ఒక కాలు మడిచి ఒక కాలు చాపి పిక్కలు కొడుతున్న అమ్మను ఆ నల్లటి వేళ్లతోనే వేసి, సెలవులకు వచ్చినప్పుడు ఆ బొమ్మను చుట్టి ఇంటికి తెచ్చాను. అమ్మ చూసి ముఖం చిన్నబుచ్చుకుంది. “ఓలమ్మీ, చేతులు నల్లగేసేసినావేటి? ఎవులైనా చూస్తే ఏటనుకుంటారు?” అంది. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న పెద్దమ్మ అందుకుని, “నల్లగా నేకపోతే అవి నీ చేతులేటే?” అని తన చేతులు చాపి ఆ బొమ్మ పక్కన పెట్టింది. తరువాత వీధిలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చేతులు చాపి పోల్చి చూసుకుని, ఎవరు ఏ జీడి బట్టీలో ఎన్నాళ్లు పని చేశారో, ఎవరికి ఎంత కూలి ఎగ్గొట్టారో చెప్పుకుంటూ చీకటి పడేదాకా కూర్చున్నారు. చివరకు అమ్మే నన్ను పిలిచి, వేస్తే వేశావు గాని బూడిద చిప్ప ఎడమ పక్కన ఉండాలి, కుడి చెయ్యి కొట్టడానికి కావాలి కదా అని దిద్దింది. ఆ సాయంత్రం నేను విన్న సంగతులతో ఇప్పటికీ బొమ్మలు వేస్తున్నాను.

చిత్రకారుడు మార్క్ షగాల్ 1911లో పారిస్‌లో ఉండి, తాను వదిలి వచ్చిన సొంత ఊరు విటెబ్స్క్ (ఇప్పటి బెలారుస్‌లో ఉంది) జీవితాన్ని ‘నేను, నా ఊరు’ అనే చిత్రంగా వేశాడు. ఆకుపచ్చ ముఖం, తలకిందులైన ఇళ్లు చూసి అందరూ దానిని కలగా చెబుతారు. కాని అందులోని పశువు చెంప మీద ఒక స్త్రీ పాలు పితుకుతోంది, వెనుక ఒకతను కొడవలి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. అంత ఊహలోనూ పని చెక్కుచెదరలేదు. మన దగ్గరకు వస్తే, బొబ్బిలిలో పుట్టి విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజు గారు పల్లె స్త్రీలను వేసిన తీరు చూడండి. విదేశాల్లోని మనవాళ్లు గోడకు కోరేది మాత్రం బిందె ఎత్తుకున్న అమ్మాయి, ఎడ్లబండి, కాలువ గట్టున కొబ్బరి వరుస. ఉత్తరాంధ్ర ఊరు అడిగి కోనసీమ కేలెండరు కొనుక్కుపోయేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వెలుతురు విషయంలో జాగ్రత్తగా ఉండండి. మన జిల్లాలు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి మే నెల మధ్యలోను, జూలై చివరలోను మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ పాదాల కిందికి పోతుంది. టొరంటోలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 25 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఆ కిటికీ వెలుగులో కూర్చుని వేస్తే మీ ఊరి కళ్లంలో కెనడా నీడలు పడతాయి.

ఏ ఏడాది ఊరిని వేస్తున్నారో కూడా ముందే తేల్చుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అంతకు ముందరి ఊరు వేరు, తరువాతి ఊరు వేరు. రెండింటినీ కలిపి వేసిన బొమ్మలో మా వాళ్లెవరూ తమ తోటను గుర్తుపట్టలేరు. నేను ప్రతి బొమ్మ వెనుకా సంవత్సరం, నెల, పొద్దు రాసి పెడతాను.

మీ నాయనమ్మగారు గోగునార తీసేవారని రాశారు. అంతకంటే మంచి విషయం మీకు దొరకదు. గోగు కట్టలను చెరువులో ఊరవేసి, మోకాలి లోతు నీటిలో నిలబడి నార వలిచే ఆడవాళ్లను పట్టించుకున్న చిత్రకారులు నాకు కనబడలేదు. ఈ వారమే ఆమెకు ఫోను చేయండి. వీడియో వద్దు, మాట చాలు. చీర ఎంతవరకు ఎగగట్టేవారు, కట్టను ఏ చేత పట్టేవారు, నీళ్లు ఏ రంగుకు తిరిగేవి, తీసిన నార ఎక్కడ ఆరవేసేవారు, పక్కన ఎవరు నిలబడేవారు అని అడిగి రాసుకోండి. ఆ తరువాత కుంచె పట్టుకుని, సగం పూర్తికాగానే ఆమెకు చూపించండి.